చెత్త లేని ఊళ్ళో నెమళ్ళు

ఆర్డర్లు ఆదివారమే వస్తాయి. మిగతా రోజుల్లో ఆఫీసులో అందరూ అంతకుముందు ఆదివారం వచ్చిన ఆర్డరు ఎంతవరకు అమలైందో అడగడంలో తలమునకలుగా ఉంటారు కాబట్టి కొత్తది పంపడానికి తీరిక దొరకదు. ఈ ఆర్డరు కూడా ఆదివారం మధ్యాహ్నమే, సరుగుడుపాలెం ప్రాథమిక పాఠశాల టీచరు సువార్త చేపల పులుసు కలుపుకుని మొదటి ముద్ద ఎత్తేసరికి ఫోన్లో కుయ్‌మంది.

సువార్త ఆ బడికి టీచరు, హెడ్మిస్ట్రెస్సు, గంట కొట్టే మనిషి, అన్నీ తనే. ఎడమచేత్తో ఫోను తీసి చూసింది. మండల టీచర్ల వాట్సాప్ గ్రూపులో మండల విద్యాధికారి త్రివిక్రమరావు గారు పెట్టిన కాగితం, దాని కింద అప్పుడే వరసగా దండాలు. ఆ మండలంలో టీచర్లకి ఆర్డరు తెరవకముందే దండం పెట్టేయడం అలవాటు. తెరిచాక పెట్టాలంటే చేతులు రావు మరి.

"ఇందుమూలముగా ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులందరికీ తెలియజేయునది ఏమనగా, 'వ్యర్థంలో అర్థం' అను బృహత్ కళా పథకం కింద ప్రతి విద్యార్థియు తన గ్రామ పరిసరములలో లభ్యమగు చెత్తతో ఒక కళాఖండమును, తన స్వంత సృజనతో, జతపరచిన నమూనా ప్రకారం తయారుచేయవలెను."

స్వంత సృజనతో, నమూనా ప్రకారం. సువార్త ఆ ముక్క రెండోసారి చదువుకుంది. అచ్చుతప్పేమీ లేదు. నమూనా కింద రంగుల్లో ఉంది కూడా: కూల్‌డ్రింకు సీసా పొట్ట, అట్టముక్కల తోక, ఐస్‌పుల్లల కాళ్ళు. నెమలి అట అది.

అంతవరకైతే ఆమె కూడా ఓ దండం పెట్టేసి పులుసు సంగతి చూసుకునేదే. ఆ చివరి వాక్యం దగ్గర ముద్ద ఆగిపోయింది. పిల్లలు తక్కువున్న బళ్ళన్నిటినీ దగ్గర్లోని హైస్కూళ్ళలో కలిపేస్తారట. కళా పథకంలో 'ఏ' గ్రేడు వచ్చిన బళ్ళకి మాత్రం మినహాయింపు.

సరుగుడుపాలేనికి దగ్గర్లో ఉన్న హైస్కూలు హైవే అవతల ఉంది. దగ్గరే, కనిపిస్తూనే ఉంటుంది. కానీ మధ్యలో ఆ రోడ్డుంది చూశారూ, దాని మీద పగలనక రాత్రనక రొయ్యల లారీలు దూసుకుపోతుంటాయి. ఐసు కరిగేలోపు రేవుకి చేరాలన్న తొందరలో వాళ్ళకి మనిషీ కనపడడు, గేదే కనపడదు. ఊళ్ళో పెద్దవాళ్ళే ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుని దాటుతారు. ఒకటో తరగతి పిల్లలు దాటాలా? సువార్తకి పులుసు సహించలేదు.

"ఏ గ్రేడే కదా, తెచ్చి చూపిస్తా," అనుకుంది గట్టిగా, చెయ్యి కడుక్కుంటూ.

ఆ ధీమాకి కారణం లేకపోలేదు. సరుగుడుపాలెం పిల్లలకి బొమ్మలు చేయడం ఎవరూ నేర్పక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం కాగానే సువార్త "ఇక చెయ్యండర్రా" అని కుర్చీ వెనక్కి వాల్చేది. అంతే ఆమె పాఠం. ఇసుకతో తాబేళ్ళు, తాటాకులతో పాములు, చింతపిక్కలతో మీసాలున్న మొహాలు, వేరుశనక్కాయ తొక్కలతో పడవలు తయారయ్యేవి. ఒకడి తాబేలు ఇంకొకడి తాబేలులా ఉండేది కాదు. కొన్ని తాబేళ్ళు తాబేళ్ళలా కూడా ఉండేవి కావు. సువార్త మాత్రం ప్రతిదాని ముందూ ఆగి "ఇదేం చేస్తోందిరా?" అని అడిగేది, వాళ్ళు చెప్పే కథంతా వినేది. వారం మొత్తానికి ఆమెకి ప్రాణం లేచొచ్చే పూట అదే.

కళకి లోటు లేదు. లోటల్లా చెత్తకే వచ్చింది.

సోమవారం పొద్దున్నే మధ్యాహ్న భోజనం వండే నాంచారమ్మని వెంటబెట్టుకుని ఊరు మీద పడింది. నాంచారమ్మకి ఊళ్ళో ఏ ఇంటి కుండలో ఏముందో తెలుసు.

"చెత్తా? మనూళ్ళో చెత్త ఎక్కడుంది టీచరమ్మా?" అని నోరు తెరిచింది నాంచారమ్మ. "ఉంటే నేను పొయ్యిలో పెట్టనూ?"

తిరిగి చూస్తే ఆ మాటే నిజమైంది. కూల్‌డ్రింకు సీసా ప్రతి ఇంట్లోనూ ఉంది, కానీ ఒకదాంట్లో కొబ్బరినూనె, ఒకదాంట్లో విత్తనాలు, ఇంకోదాంట్లో పాముమందు. పాలిథీను కవర్లన్నీ కడిగి తీగ మీద ఆరేసి ఉన్నాయి. అట్టపెట్టెలు కోళ్ళ కింద పరిచి ఉన్నాయి. చిరిగిన చీరలు బొంతలయ్యాయి, చిరిగిన బొంతలు గేదెల మీద ఉన్నాయి, గేదెల మీద చిరిగినవి గిన్నెలు దించుకునే మసిగుడ్డలయ్యాయి. ఒక ముసలాయన గుమ్మంలో టైరుముక్క కనిపించిందని సువార్త ఆశగా వంగబోతే, ఆయన కాలు దాంట్లోనే ఉంది. చెప్పట అది.

ఇంకో ఇంట్లో తలుపు సగమే తెరుచుకుంది.

"చెత్తుందా అని ఎందుకడుగుతున్నారు? పన్నేస్తారా ఏంది?"

"కాదమ్మా, పిల్లల చేత నెమళ్ళు చేయిస్తాం."

"చెత్తతో నెమళ్ళా?" ఆ తలుపు ఆ కాస్తా కూడా మూసుకుంది.

సువార్త అబద్ధం రాసే మనిషి కాదు. రిపోర్టులో 'గ్రామమున చెత్త లేదు' అని రాసి పంపింది. మర్నాడే మండల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

త్రివిక్రమరావు గారు చెడ్డవారేం కాదు. పండగలకి అందరికీ ముందుగా శుభాకాంక్షలు పెడతారు. కాకపోతే కాగితం మీద ఉన్నది కంటికి కనపడకపోతే కన్ను పరీక్ష చేయించుకునే రకం.

"ఏమిటి మేడం ఇది? చెత్త లేదా? చెత్త లేకుండా ఊరెలా ఉంటుంది? ఇది నిబంధనలకు విరుద్ధం."

"నిజంగానే లేదు సార్. అన్నీ వాడుకుంటారు."

"ఏ ఊరికెంత చెత్త అనేది పైన నిర్ణయించారు. మీ ఊరికి కూడా లక్ష్యం కేటాయించారు. లక్ష్యం ఉందంటే చెత్త ఉన్నట్టే. మీకు కనపడలేదంటే అది మీ పర్యవేక్షణా లోపం."

సువార్త తగ్గలేదు. "ఇసుకతో చేయిస్తా సార్. మా పిల్లలు ఇసుకతో తాబేలు చేస్తే నిజందే అనుకుని కాకులు దగ్గరికి రావు."

త్రివిక్రమరావు గారు గబగబా లేచి తలుపు దగ్గరికి వేశారు. "మెల్లగా మేడం, మెల్లగా! ఇసుక గనుల శాఖది. మీరు తాబేలంటారు, వాళ్ళు తవ్వకం అంటారు."

"పోనీ తాటాకులు?"

"అటవీ శాఖ."

"పొలంగట్ల మీద తాటిచెట్లు సార్ అవి."

"అవునో కాదో అటవీ శాఖ చెప్పాలి, మనం కాదు."

"వేరుశనక్కాయ తొక్కలు?"

"వ్యవసాయ శాఖ." ఆయన కూర్చుని, తెలివితక్కువ పిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "చూడండి మేడం. చెత్త అంటే ఏ శాఖకీ చెందనిది. అందుకే దాన్ని మనకిచ్చారు."

సువార్తకి నవ్వొచ్చింది కానీ హైవే గుర్తొచ్చి మింగేసింది. "మరిప్పుడేం చేయమంటారు సార్?"

"లేకపోతే ఉత్పత్తి చేయండి," అన్నారాయన. "సామూహిక భాగస్వామ్యంతో."

అలా సరుగుడుపాలెంలో చెత్త ఉత్పత్తి మొదలైంది. సువార్త సొంత డబ్బు పెట్టి సోడా కొట్టు బాజీ దగ్గర కూల్‌డ్రింకులు తెప్పించి, ఊరు ఊరంతటినీ బడికి పిలిచింది. బడి బతకాలంటే తాగాలని చెప్పింది. బడి కోసం అడిగితే ఆ ఊళ్ళో కాదనేవాళ్ళు లేరు. చంటిపిల్లల తల్లులు తాగారు, పళ్ళు లేని తాతలు తాగారు. షుగరున్నవాళ్ళు కూడా బడి మీద ప్రేమతో ఓ గుక్క తాగి, అది చాలదని ఇంకో రెండు గుక్కలు తాగారు. అరుగంతా తేన్పులే తేన్పులు.

అందరూ వెళ్ళాక సువార్త గోనెసంచీ పట్టుకుని సీసాలు ఏరుదామని బయటికొస్తే అరుగు మీద ఒక్క సీసా లేదు. మూత కూడా లేదు. ఆఖరున వెళుతున్న ముసలాయన పైపంచెలో ఏదో ఉబ్బెత్తుగా కనపడి పరిగెత్తింది.

"మామా, ఆ సీసా ఇక్కడ పడెయ్యాలి! అది చెత్త!"

"చెత్తేందమ్మా? బంగారం లాంటి సీసా. చేలోకి మంచినీళ్ళు తీసకపోవచ్చు."

"దానికోసమేగా తాగమన్నది!"

"తాగమన్నావు, తాగాం. పడెయ్యమంటే చెయ్యెట్టా వస్తదే తల్లీ?" ఆయన బాధగానే అన్నాడు. అని, సీసాని ఇంకాస్త లోపలికి సర్దుకుని వెళ్ళిపోయాడు.

సువార్త అరుగు మీద కూలబడింది. కోపం తెచ్చుకుందామనుకుంది గానీ ఎవరి మీద తెచ్చుకోవాలో తేలలేదు.

అయితే ఈ కష్టం ఆమె ఒక్కదానిదే కాదని త్వరలోనే తెలిసింది. జిల్లాలో చాలా ఊళ్ళు ఇంతే దరిద్రంలో ఉన్నాయట. దాంతో ప్రభుత్వమే పెద్ద మనసు చేసుకుని టెండర్లు పిలిచి, చెత్తని తయారుచేయించి, బళ్ళకి సరఫరా చేసింది. ప్రతి పిల్లకీ ఒక 'శుద్ధ వ్యర్థ కిట్టు'. మెరిసిపోయే ప్లాస్టిక్ సంచీలో, లోపల ఇంకో ప్లాస్టిక్ సంచీలో, ఏనాడూ నీళ్ళు కూడా పోయని కొత్త సీసా, ఏ సరుకూ పెట్టని కొత్త అట్ట, ఏ ఐసూ తగలని పుల్లలు. చేటంత కాగితం మీద 'ఇందులోనిది నూరుశాతం వ్యర్థమని ధ్రువీకరించడమైనది' అని ముద్ర. కిట్లు విప్పాక ఆ సంచీలన్నీ ఏం చేయాలని సువార్త ఫోన్ చేసి అడిగితే, అవి పథకంలో భాగం కాదు కనుక వాటిని చెత్తగా పరిగణించరాదని జవాబొచ్చింది. సంచీలు నాంచారమ్మ పట్టుకుపోయింది, బియ్యం పోసుకోవడానికి.

కిట్ల వెనకే జిల్లా నుంచి కళా వికాస సమన్వయకర్త డాక్టర్ ప్రఫుల్ల గారు శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. ఆవిడ చేతికి మట్టి అంటదు, చీరకి ముడత పడదు.

"పిల్లలూ, కళ అంటే స్వేచ్ఛ!" అన్నారావిడ బడి మధ్యలో నిలబడి. "మీ ఊహకి రెక్కలివ్వండి. కాకపోతే తోక అట్టతోనే చేయాలి, కాళ్ళు రెండే ఉండాలి, ముక్కు కుడివైపుకే తిరగాలి. మొదలుపెట్టండి."

పిల్లలు మొదలుపెట్టారు. సరుగుడుపాలెంలో నెమలిని చూసినవాళ్ళు లేరు. కాగితంలో చూసి చేస్తుంటే ఏదో తద్దినం పెడుతున్నట్టుంది వ్యవహారం. మూడో తరగతి జోషిక మాత్రం ఒక మూల కూర్చుని, నాలుక బయటపెట్టి, సీసాని అటు కోసి ఇటు వంచి ఏదో చేస్తోంది. సువార్త వంగి చూసింది.

కోడి. అచ్చం కోడి. మెడ ముందుకు చాచి, ఒక కాలెత్తి, గింజ కనపడి ఆగిపోయిన కోడి.

"ఇదేం చేస్తోందే?" అని అడిగింది సువార్త. అలవాటు కొద్దీ వచ్చేసింది ఆ మాట.

"దానికి పురుగు కనపడింది టీచర్. తినాలా, పిల్లల్ని పిలవాలా అని ఆలోచిస్తంది."

సువార్తకి ఆ పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది. ఈలోగా వెనక నుంచి ప్రఫుల్ల గారి సెంటు వాసన వచ్చింది.

"ఇదేమిటి? తోక ఏది?"

"ఇది కోడండీ," అంది సువార్త.

"యాప్‌లో కోడికి కాలమ్ లేదు మేడం. ఫొటో ఎక్కించగానే తిరగ్గొడుతుంది. ఒక్క ఫొటో తిరగ్గొట్టినా బడి మొత్తానికి బీ గ్రేడే."

ఆవిడ అన్నది చేదు నిజం. సువార్త ఆ మధ్యాహ్నం చేసిన పని చెప్పాలంటే సిగ్గుగానే ఉంటుంది. జోషిక కోడి తీసుకుని, వెనక పెద్ద అట్టతోక అంటించి, పైన కళ్ళు కళ్ళుగా రంగులేసి, మెడని కుడివైపుకి తిప్పింది. ఆ పిల్ల పక్కనే నిలబడి చూసింది. అంతా అయ్యాక అడిగింది.

"ఇప్పుడిది పిల్లల్ని ఎట్టా పిలుస్తది టీచర్? అటు తిరిగిందిగా."

"బడి ఉండాలిగా నాన్నా," అంది సువార్త.

ఇన్స్పెక్షన్‌కి త్రివిక్రమరావు గారు, ప్రఫుల్ల గారు కలిసి వచ్చారు. బల్ల మీద నెమళ్ళన్నీ వరసగా నిలబడి కుడివైపు గోడకేసి చూస్తున్నాయి. త్రివిక్రమరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి, ఒక నెమలిని వేలితో తుడిచి, వేలు చూసుకున్నారు.

"అద్భుతం! మండలం మొత్తం మీద ఇంత శుభ్రమైన చెత్త నేను చూళ్ళేదు."

"ఒకదానికీ ఒకదానికీ తేడా పట్టలేకపోతున్నాం సార్," అన్నారు ప్రఫుల్ల గారు పరవశంగా. "సృజనాత్మకతలో ఇంత క్రమశిక్షణ అరుదు."

ఏ గ్రేడు వచ్చింది. నాంచారమ్మ ఆ రోజు పిల్లలకి పాయసం వండింది. మర్నాడు ఊరివాళ్ళొచ్చి సువార్తకి శాలువా కప్పారు, అది కూడా ఎవరింట్లోనో బొంత కాబోయి ఆగింది. సువార్తకి గుండె మీద నుంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఆ శుక్రవారం పిల్లల్ని ఇసుకలోకి వదిలేసి, గనుల శాఖ వస్తే చూసుకుందాంలే అనుకుంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఫోను కుయ్‌మంది.

"కళా పథకంలో ప్రథమ స్థానం సాధించిన సరుగుడుపాలెం పాఠశాలను మండల స్థాయి 'వ్యర్థ కళా వనరుల కేంద్రం'గా ఉన్నతీకరించుటకు సంతోషిస్తున్నాము."

సువార్తకి ఈసారి అర్థమయ్యేలోపే లారీ వచ్చేసింది. మండలంలో ఉన్న బళ్ళన్నిటి నెమళ్ళూ, మిగిలిన కిట్లూ, పనికిరాని బల్లలూ, విరిగిన కుర్చీలూ దించారు. ఉన్నవి రెండు గదులు. రెండూ నిండాయి, వరండా నిండింది. పిల్లలకి కాలు పెట్టే చోటు లేదు. కనుక విద్యార్థులను సమీప ఉన్నత పాఠశాలలో సర్దుబాటు చేయడమైనదని ఆర్డరు రెండో పేజీలో ఉంది.

మండల ఆఫీసుకి ఆమె ఎలా వెళ్ళిందో ఆమెకే తెలీదు.

"సార్, ఏ గ్రేడొస్తే బడి తియ్యం అన్నారు!"

"తీశామా? తీయలేదే!" త్రివిక్రమరావు గారు నొచ్చుకున్నారు. "ఇక మీ బడి జోలికి ఎవరూ రాలేరు. కొత్త బోర్డు కూడా రాయిస్తున్నాం, పెద్ద అక్షరాలతో."

"మరి పిల్లలు సార్?"

ఆయన కాగితం మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదివారు. నిజాయితీగానే వెతికారు పాపం. "పిల్లల విషయం వేరు మేడం. ఇది బడికి సంబంధించిన ఆర్డరు."

"మధ్యలో హైవే ఉంది సార్. లారీలు ఆగవు సార్. ఆ రోడ్డు గురించి ఇప్పటికి ఎన్ని అర్జీలు పెట్టానో మీకు తెలుసు."

"రోడ్డు రోడ్ల శాఖది మేడం," అన్నారాయన మెల్లగా.

మర్నాడు పొద్దున సువార్త పిల్లల్ని వరసలో నిలబెట్టి, ముందు తను, వెనక నాంచారమ్మ, రోడ్డు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎంతకీ ఖాళీ దొరకలేదు. ఆఖరికి ఓ చిన్న సందు చూసుకుని "రండి, రండి" అని లాక్కుపోతుంటే జోషిక చెప్పు ఊడింది. ఆ పిల్ల చెప్పు కోసం వెనక్కి తిరిగింది. రొయ్యల లారీ హారను మోగిస్తూ వచ్చేసింది. నాంచారమ్మ జుట్టు పట్టుకుని లాగింది గానీ లేకపోతే ఏమయ్యేదో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. చెప్పు మీద నుంచి చక్రాలు పోయాయి. సువార్త అవతలి పక్కన దుమ్ములో కూర్చుని, పిల్లలు చూస్తున్నారని కూడా లేకుండా బావురుమంది.

హైస్కూలు హెడ్మాస్టరు గురవారెడ్డి గారు మనిషి కాస్త వెటకారం. ఆయన చిన్నపిల్లల్ని సైకిళ్ళ షెడ్డులో కూర్చోబెట్టి, సువార్తకి మంచినీళ్ళిచ్చి, జరిగిందంతా విన్నారు. వెటకారం ఆడలేదు. అద్దాలు పెట్టుకుని ఆర్డరు తెమ్మని, ఒక్కో వాక్యం మీదా వేలు పెట్టుకుని చదివారు.

"ఇది విన్నావా అమ్మా? 'పాఠశాలలందు మిగులుగా ఉండి, చోటు ఆక్రమించు సమస్తమును తక్షణం వనరుల కేంద్రమునకు తరలించవలెను. అచ్చట వాటికి తగు రూపము కల్పింపవలెను.' సమస్తము అన్నాడు. ప్రాణం లేనివి మాత్రమే అని ఎక్కడా అనలేదు."

సువార్త తలెత్తింది. "అంటే?"

"అంటే నా దగ్గర చోటు లేదు. ఈ పిల్లలు నాకు మిగులు. సైకిళ్ళ చోటు ఆక్రమించారు. తక్షణం నీ కేంద్రానికి తరలించాలి. లేకపోతే నా మీద చర్య తీసుకుంటారు."

"పిల్లల్ని చెత్తని రాస్తారా సార్?" సువార్త మొహం జేవురించింది.

"నేను మిగులనే రాస్తానమ్మా. చెత్త అని వాళ్ళే చదూకుంటారు."

సాయంత్రం సువార్త తల్లుల్ని పిలిచి సంగతి చెప్పింది. జోషిక తల్లి శేషారత్నం కొంగు బిగించి లేచింది.

"నా కూతురు చెత్తా? ఎవుడన్నాడా మాట? వాడింటికి దారి చెప్పు టీచరమ్మా, నేను మాట్టాడతా!"

"ఎవరూ అన్లేదు శేషారత్నం. కాగితంలోనే. అలా రాస్తే మన బళ్ళోనే ఉంటారు."

శేషారత్నం బిగించిన కొంగు వదిలింది. "రోడ్డు దాటక్కర్లా?"

"దాటక్కర్లా."

"అయితే ఏమైనా రాసుకోండి," అని కళ్ళు తుడుచుకుని కూర్చుంది. "పొద్దున్నే తలదువ్వి పంపిస్తా."

గురవారెడ్డి గారు ముద్ర గట్టిగా వేసి, సంతకం స్పష్టంగా పెట్టి పంపించారు. సువార్త, నాంచారమ్మ కలిసి నెమళ్ళన్నీ ఒక గదిలోకి కప్పు అంటేలా పేర్చారు. రెండో గదిలో విరిగిన కుర్చీల మధ్య సందుల్లో పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. ఎక్కాలు మొదలయ్యాయి.

కేంద్రం పనితీరు చూడ్డానికి త్రివిక్రమరావు గారు వచ్చేసరికి ఏడో ఎక్కం నడుస్తోంది. ఆయన గుమ్మంలో ఆగిపోయారు.

"ఏమిటివి?"

"కొత్త స్టాకు సార్. హైస్కూల్లో మిగిలితే పంపించారు." సువార్త కాగితం చేతికిచ్చింది.

ఆయన చదివారు. ముద్ర ఉంది. సంతకం ఉంది. ఏ నిబంధన కింద పంపారో ఉంది. కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు, అక్కడా ఏ లోపం లేదు. ఇక తప్పేమైనా ఉంటే అది తన కళ్ళదే అయ్యుండాలి. అద్దాలు తుడుచుకున్నారు.

"కదులుతున్నాయే!"

"ఇంకా పని మొదలుపెట్టలేదు సార్."

"వీటితో ఏం చేస్తారు?"

"ఇప్పుడే చెప్పలేం సార్. చేసేకొద్దీ తెలుస్తుంది."

"నమూనా?"

"వీటికి నమూనా లేదు సార్. ఒక్కోటీ ఒక్కోలా వస్తుంది."

త్రివిక్రమరావు గారి భృకుటి ముడిపడింది. ఆయన మళ్ళీ కాగితం చూశారు. తగు రూపము అని మాత్రమే ఉంది, ఏ రూపమో లేదు. నిట్టూర్చి, స్టాకు సరిచూసుకుని, సంతకం పెట్టబోతూ చటుక్కున తలెత్తారు.

"హైస్కూలు నుంచి వీటిని ఏ బండిలో తెచ్చారు?"

"బండి లేదు సార్. నడిపించుకొచ్చాం."

"నడిపించా! ఆ హైవే మీదా?" ఆయన చేతిలో పెన్ను జారి కింద పడింది. మొహం తెల్లబడింది. "మతుండే చేశారా మేడం? ఇది ప్రభుత్వ స్టాకు! ఒక్కటి లారీ కింద పడిందంటే ఎవరు సమాధానం చెప్పాలి? ఆడిట్లో పట్టుకుంటే నా జీతంలో కోస్తారు!"

అక్కడే నిలబడి, పెన్ను తీసుకుని, ఆర్డరు రాసేశారు. కేంద్రమందలి స్టాకును ఎట్టి పరిస్థితులలోనూ హైవే దాటించరాదు. ఒక్క దానికైనను గీత పడినచో బాధ్యులపై కఠిన చర్యలు తీసుకొనబడును. సంతకం పెట్టి, తేదీ వేసి, సువార్త చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా, ఒక్కటి కూడా పోకూడదు," అని మరీ మరీ చెప్పి వెళ్ళిపోయారు.

సువార్త ఆ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇన్నేళ్ళుగా ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి అడిగినా రాని ముక్క అది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కాస్త కాస్త చేసింది.

లోపల పిల్లలకి ఒక్కసారిగా హుషారొచ్చి గోల మొదలైంది. జోషిక కుర్చీల సందులోంచి తల బయటపెట్టింది.

"టీచర్, ఇంక మనం రోడ్డు దాటక్కర్లేదా?"

"ష్! అరవకండర్రా," అంది సువార్త గబగబా తలుపు దగ్గరికి వేస్తూ. "పిల్లలున్నారని తెలిసిందంటే మళ్ళీ దాటిస్తారు."